నాంచారమ్మ పేరు మీది పిస్తోలు

నేను ఒక పిస్తోలుని. కొత్తదాన్ని కాదు, పేరున్న కంపెనీదాన్ని అసలే కాదు. పాత సరుకుని, అందులోనూ చవక రకాన్ని. ముందే చెబుతున్నా, నాకు కోపంగా ఉంది. తమ కథ చెప్పుకునే వస్తువులు మామూలుగా నిట్టూరుస్తాయి, వాడుకుని పారేశారని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాయి. నాకంత ఓపిక లేదు. నన్ను కొన్నవాడు ఎదురుగా ఉంటే మొహమ్మీదే అడిగేదాన్ని. వాడు లేడు గనక మీకు చెబుతున్నా, వినండి.

నేను పుట్టింది స్పెయిన్ దేశంలో ఓ కొండ ఊళ్ళో. మన చీరాలలో ఇంటింటికీ మగ్గం ఉన్నట్టు ఆ ఊళ్ళో ఇంటింటికీ తుపాకుల పని ఉండేది. ఒకరింట్లో గొట్టం, పక్కింట్లో పిడి, వెనకింట్లో స్ప్రింగు. నా స్ప్రింగు చుట్టినవాడు ఆ పొద్దు పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడో ఏమో, ఉండాల్సిన దానికన్నా బిగువుగా చుట్టాడు. అప్పట్నుంచీ నేను మొండిదాన్నే. నాలో ఏడు తూటాలు పడతాయి. మొదటిదానికి మాత్రం పైనున్న స్లైడు చేత్తో వెనక్కి లాగి వదలాలి. ఆ తర్వాత ఒకటి పేలితే ఇంకోటి దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఆ మొదటి లాగుడు రానివాడి చేతిలో నేను ముప్పాతిక కిలో ఇనుముని, అంతే.

ఓ తెల్ల ఇంజనీరు నన్ను ఓడలో మద్రాసు తెచ్చి, బిట్రగుంట రైల్వే బంగళాలో దిండు కింద పెట్టుకున్నాడు. చిరుతపులులొస్తాయని ఆయన భయం. వచ్చినవి పిల్లులు. ఆయన సీమకి పోతూ నన్ను గుంటూరు పొగాకు షావుకారుకిచ్చాడు. షావుకారు నాకు తళతళా నికెల్ పూత పోయించాడు. ఆయన భార్య దసరాకి నా నోట్లోకి దూరేంత పసుపు పట్టించి, కళ్ళకద్దుకుని, మళ్ళీ దసరా దాకా ముట్టుకునేది కాదు. ఆ తర్వాత సినిమా హాలు నడిపే ఒకాయన కొన్నాడు. ఆయన హాలు పెళ్ళిమండపమయ్యాక బెజవాడలో ఖుద్దూస్ సాయిబు తుపాకుల కొట్టుకి చేరాను. అద్దాల బల్లలో పదకొండేళ్ళు పడున్నాను. ఇన్నేళ్ళలో ఒక్క మనిషినీ గాయపరచలేదు. అందుకు నాకు దిగులేం లేదు, మీరూ పడకండి.

అప్పుడొచ్చారు ఆ మొగుడూ పెళ్ళాం.

ఆమె నాంచారమ్మ. ముప్పై ఎనిమిదేళ్ళది. ప్రకాశం జిల్లాలో గువ్వలమెట్ట ఊరికి సర్పంచి. ఆడవాళ్ళకి కేటాయించిన సీటు కావటంతో మొగుడు ఏడుకొండలే నిలబెట్టాడు. పేరు ఆమెది, పెత్తనం తనది అనుకున్నాడు. ఆమె గెలిచాక కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, పంచాయతీ కాయితాలన్నీ చదవటం మొదలుపెట్టింది. అదీ ఆయన లెక్కలో లేని సంగతి.

ఆ ఊరి బడి వెనకాల ఓ కొండ ఉంది. కంకర మిల్లు మాలకొండయ్య దాన్ని పిండి చేసి అమ్ముకుందామని చూస్తున్నాడు. గ్రామసభ తీర్మానం మీద సర్పంచి సంతకం పడితేనే పని. ఆమె చెయ్యనంది. పక్క కొండ పేలిస్తేనే రాయొచ్చి అంగన్‌వాడీ రేకుల మీద పడింది, ఈ కొండ పేలిస్తే బడే ఉండదంది. ఓ రోజు ఆమె ఎక్కిన ఆటోకి బండ్లు అడ్డం పెట్టి, "కొండ మీద నీ సంతకమన్నా పడాలి, నీ మీద మా రాయన్నా పడాలి" అని చెప్పిపోయారు. ఆమె తిన్నగా కలెక్టరు దగ్గరికి పోయింది. తిరగ్గా తిరగ్గా ఆర్నెల్లకి పిస్తోలు లైసెన్సు వచ్చింది. ఆ పుస్తకంలో ఉన్నది ఒకే ఒక్క ఫొటో, నాంచారమ్మది.

సాయిబు బల్ల మీద పాత గుడ్డ పరిచి మూడు పెట్టాడు. ఒకటి బెల్జియంది, దాని ఖరీదుకి వాళ్ళూళ్ళో అరెకరం వస్తుంది. దాన్ని వాళ్ళు చూసినట్టే చూసి జరిపేశారు. మిగిలినవి రెండూ చవకవే, స్పెయిన్‌వే. ఒకటి నేను. రెండోది చిన్నది, నల్లగా, గీతలు పడి, పిడి మీద చెక్క కొంచెం ఎగిరిపోయి ఉంది. చూడ్డానికి చండాలంగా ఉంటుంది గానీ బుద్ధిమంతురాలు.

"అమ్మా, మీరు లాగి చూడండి," అన్నాడు సాయిబు.

ఆమె నల్లదాన్ని తీసుకుంది. స్లైడు ఇట్టే వచ్చింది. మళ్ళీ లాగింది, మళ్ళీ వచ్చింది. మొహంలో ఓ ధీమా కనపడింది. తర్వాత నన్ను తీసుకుంది. పళ్ళు బిగించి లాగింది. నేను సగం కూడా కదల్లేదు. అరచెయ్యి ఎర్రగా కందింది.

"ఇది నాకు రావటంలా. ఆ నల్లది తీసుకుందాం," అంది.

"నల్లదా? కాలిన కందిపప్పు గిన్నెలా ఉంది!" అన్నాడు ఏడుకొండలు. నన్ను అందుకుని నడుముకి ఆనించుకుని అద్దంలో చూసుకున్నాడు. "ఇదీ పిస్తోలంటే. నలుగురికీ కనపడాల గదా!"

"బాబూ, తుపాకి కొనేప్పుడు చెయ్యి చూసి కొనాలి, మెరుపు చూసి కాదు. ఆమె చేతికి నల్లదే సరి," అన్నాడు సాయిబు. అమ్ముకునేవాడు కూడా ధర్మం చెప్పాడు చూడండి.

"లాగాల్సి వస్తే నేను లేనా ఏంది?" అన్నాడు ఈయన.

ఓరి నీ తెలివి తెల్లారా! ప్రాణభయం ఆమెకా, నీకా? నాకు నోరుంటే ఆ కొట్టు కప్పు ఎగిరిపోయేలా అరిచేదాన్ని, నన్ను కొనొద్దు తల్లీ, నల్లదాన్ని కొనుక్కో అని. నాకున్న నోరు ఒకే ఒక్క పనికొస్తుంది, అది అక్కడ చెయ్యకూడదు. ఆమె అటూ ఇటూ చూసింది. కొట్లో ఇంకో ఇద్దరు గిరాకీలు చూస్తున్నారు. పదిమందిలో మొగుడి మాట తీసెయ్యటం ఇష్టం లేక "సరే కానియ్యండి" అంది. ఆ ఒక్క సరే మీద నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆమె మీద కాదు, ఆ సరే అనిపించినవాడి మీద.

ఇక చూడాలి ఏడుకొండలు సోకు! మేకతోలు ఒర కుట్టించాడు. పెళ్ళికి నేనే, పెద్దకర్మకి నేనే, టీకొట్టుకి నేనే. పంచాయతీ ఆఫీసులో ఆమె కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని, నేను బయటికి కనపడేలా చొక్కా పైకి దోపుకుని కూర్చునేవాడు. సొమ్మొకరిది, సోకొకరిది. ఊళ్ళో కొందరు పిస్తోలు ఏడుకొండలు అన్నారు. వెక్కిరింపని ఆయనకి తెలియలేదు, మీసం దువ్వుకున్నాడు.

"అది నా పేరు మీదుంది. నువ్వు పెట్టుకు తిరగటం నేరం. ఇంట్లో పెట్టిపో," అని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో.

"నువ్వేం చేసుకుంటావే, లాగటం కూడా రానిదానివి!" అనేవాడు.

రాదా? ఆయన స్నానానికి పోయిన పది నిమిషాలు ఆమె నన్ను బీరువా వెనక్కి తీసుకుపోయేది. తూటాలు తీసేసి, స్లైడు పట్టుకుని లాగేది. చెయ్యి దోక్కుపోయేది, కొబ్బరినూనె రాసుకునేది, మర్నాడు మళ్ళీ లాగేది. నేనూ నా వంతుగా వదులవుదామని చూశాను గానీ ఇనుము కదా, మన మాట వినదు. నలభై రోజులకి ఓ పొద్దున కడదాకా వచ్చాను. ఆమె అక్కడే నేల మీద కూర్చుని నవ్వింది. బాత్రూములో నీళ్ళ చప్పుడాగింది. నన్ను మళ్ళీ ఒరలో పెట్టేసింది.

గ్రామసభ ఇంకో పన్నెండు రోజులుందనగా బుధవారం పొద్దున, మార్టూరులో బామ్మర్ది గృహప్రవేశం వచ్చింది. ఆమె పంచాయతీ పనుందని ఆగిపోయింది. "ఇవాళన్నా దాన్నిచ్చిపో, ఒక్కదాన్నే ఉంటా," అంది. "చుట్టాల్లో ఉత్త నడుముతో తిరగమంటావా?" అని ఆయన బండెక్కాడు.

పదకొండింటికి నేను మార్టూరులో విస్తళ్ళ మధ్య చేతులు మారుతున్నాను. ఒకడు గారె తిన్న చేత్తోనే పట్టుకున్నాడు. ఒకడు చెవి దగ్గర పెట్టుకుని ఫొటో దిగాడు. ఈయన పక్కన నిలబడి "జాగర్త, లోడై ఉంది" అని గొప్పగా చెబుతున్నాడు. సరిగ్గా ఆ పదకొండింటికే గువ్వలమెట్ట పంచాయతీ ఆఫీసులోకి మాలకొండయ్య మనుషులు ముగ్గురొచ్చారు, ఇది ఆమె ఎస్సైకి చెబుతుంటే తర్వాత విన్నాను. సెక్రటరీ మండలానికి పోయాడు. అప్పటికే టైపు చేసిన తీర్మానం ఆమె ముందు పెట్టారు. ఆమె చింపేసింది. అప్పుడు ఆమె కుడిచెయ్యి బల్ల మీద అదిమిపెట్టి, తెచ్చిన కంకర రాయితోనే మోదారు. మూడు వేళ్ళు విరిగాయి. వాళ్ళ ఎత్తు చంపటం కాదు. సర్పంచి సంతకం పెట్టలేని స్థితిలో ఉంటే ఉపసర్పంచి పెట్టొచ్చు. ఆ ఉపసర్పంచి మాలకొండయ్య మిల్లులో లారీల మేస్త్రీ.

సాయంత్రం ఆస్పత్రి వరండాలో మా ఏడుకొండలు వీరంగం చూడాలి! "ఎవడ్రా వాడు! కాల్చి పారేస్తా!" అని నన్ను పైకెత్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. కాంపౌండరు చేతులు జోడించి లోపల పెట్టించాడు. అరగంటకి ఎవరో వచ్చి ఆయన్ని గేటు దాకా తీసుకుపోయి మాట్లాడారు. తిరిగొచ్చేసరికి ఆవేశమంతా దిగిపోయింది.

"ఇదిగో, ఎస్సై వస్తున్నాడు. మెట్ల మీద జారిపడ్డానని చెప్పు," అన్నాడు మెల్లగా. "కేసు పెడితే పిస్తోలు యాడుందని అడుగుతారు. నేను పెట్టుకుపోయానంటే నా మీద కేసు, ఇచ్చినందుకు నీ మీద కేసు. లైసెన్సు పోద్ది, పదవికీ ఎసరు. మాలకొండయ్య వైద్యం ఖర్చు పెట్టుకుంటానన్నాడు."

ఆమె చేతి కట్టులోంచి నెత్తురు పైకి కనపడుతోంది.

ఎస్సై వచ్చి స్టూలు మీద కూర్చుని ముందు అదే అడిగాడు. "అమ్మా, మీకు లైసెన్సు పిస్తోలుంది గదా. ఆ టైముకి అది ఎక్కడుంది?"

"ఇంట్లో బీరువాలో ఉందండీ," అన్నాడు ఏడుకొండలు.

"ఆయన నడుముకుంది," అంది నాంచారమ్మ. "ఇప్పుడూ అక్కడే ఉంది. చొక్కా ఎత్తమనండి."

ఈయన చొక్కా ఎత్తాడు. ఎస్సై చెయ్యి చాపితే ఒరతో సహా ఇచ్చేశాడు.

"ఇట్టా రాస్తే మీ మీదా కేసవుద్దమ్మా. ఆలోచించుకోండి," అన్నాడు ఎస్సై. చెడ్డవాడేం కాదు.

"ఆలోచించే చెబుతున్నా. కొన్న రోజు నుంచి అది నా దగ్గర ఒక్క పూట లేదు. ఇది దాచిపెట్టి మిగతాది చెబితే, రేపు కోర్టులో ఈ ఒక్క అబద్ధం పట్టుకుని వాళ్ళు ముగ్గురూ బయటికొస్తారు. అంతా రాయండి. నాది తప్పయితే నాదీ రాయండి."

"నాంచారూ!" అన్నాడు మొగుడు ఏడుపుగొంతుతో.

"నోరు మూసుకో!" అంది ఆమె. వార్డంతా తిరిగి చూసింది. బెజవాడ కొట్లో అనలేకపోయిన మాట అది.

ఎడమ బొటనవేలు ముద్ర తీసుకున్నారు. ముగ్గురిలో ఇద్దరు దొరికారు. మాలకొండయ్య బెయిలు మీద తిరుగుతున్నాడు. ఏడుకొండల మీదా ఆమె మీదా కేసులు నడుస్తున్నాయి. నేను స్టేషనులో సొత్తుల గదిలో ఉన్నాను. మెడకి చీటీ కట్టారు. పక్కన దొంగిలించిన మోటారు, సారా క్యాను, ఒంటి చెప్పు. పసుపు లేదు, నూనె లేదు, తుప్పు మొదలైంది. కరిగించేస్తారేమో, కరిగించనీ. నా కోపం మటుకు తగ్గలేదు. ఒక్క మనిషి చేతిలో ఉండాల్సినప్పుడు ఉండలేకపోయిన దాన్ని.

గ్రామసభ సంగతి కానిస్టేబులు బుజ్జమ్మ చెబితే విన్నాను. బందోబస్తుకి పోయొచ్చి ఈ గది తలుపు దగ్గరే నిలబడి, స్టేషను రాతకోతలు చూసే రైటరుకి చెప్పింది. ఏడుకొండలు అలవాటుగా పోయి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడట. "అది సెక్రటరీగారి కుర్చీ. నువ్వు జనంలో కూర్చో," అందట ఆమె. లేచాడట పాపం, పోయి చాప మీద కూర్చున్నాడట. కొండ ఇచ్చేది లేదని తీర్మానం చదివారు. ఉపసర్పంచి పెన్ను తీసుకుని లేచి, "అమ్మగారి చెయ్యి బాలేదు, నేను పెడతా," అన్నాడట. ఈ ఒక్కసారి తను పెడితే ఆమె సంతకం పెట్టలేదని తేలినట్టే, రేపు కొండ ఇచ్చేసే కాయితం మీదా తనే పెట్టొచ్చు.

"నాకింకో చెయ్యుంది," అందట నాంచారమ్మ.

ఆస్పత్రి మంచం మీద పన్నెండు రోజులూ పాత పేపర్ల అంచుల మీద ఎడమచేత్తో అదే పని చేసిందట. అయినా సభలో అక్షరాలు వంకర్లు పోయాయి. ఒక్కో అక్షరం రాస్తుంటే ఊరంతా మెడలు సాచి చూస్తోంది. మాలకొండయ్య మనిషెవడో "వేలిముద్రేస్తే సరిపోద్ది గదమ్మా, ఇంత సేపెందుకు?" అని నవ్వాడట. ఆమె తలెత్తలేదు. చివరి అక్షరం దగ్గర పెన్ను జారింది. దాన్ని అడ్డంగా కొట్టేసి, కింద మళ్ళీ మొదట్నించి రాసింది. ఈసారి జారలేదు.

"అరగంట పట్టింది రైటరుగారూ. ఒక్కడు లేచి పోతే ఒట్టు," అంది బుజ్జమ్మ.

ఆ కాయితం మీద ఇప్పుడు రెండు సంతకాలున్నాయి, ఒకటి కొట్టేసింది, ఒకటి చెల్లేది. కొండ అక్కడే ఉంది.