కింది అంతస్తు నుంచి మూడు దెబ్బలు

సొంత తమ్ముడే తన మీద ఇంత పగ పెట్టుకుంటాడని ఆ దర్జీ అక్క కలలో కూడా అనుకోలేదు. మేనల్లుడి రెండో పుట్టినరోజని వాడు మోసుకొచ్చింది ఒక ప్లాస్టిక్ గోల్‌పోస్టు. బంతి వలలో పడితే చాలు, ముందు ఈల, ఆ తర్వాత "గో...ల్!" అని ఒక మగగొంతు, దాని వెనక వెయ్యి మంది చప్పట్లు. శబ్దం తగ్గించే మీట లేదా అంటే, ఉంది. తగ్గిస్తే పెద్దగా అరుస్తుంది, పెంచితే ఇంకా పెద్దగా అరుస్తుంది. "పిల్లాడికి ఆటలంటే ఇష్టం పెరగాలి కదక్కా!" అని, ఆ మహానుభావుడు బస్సెక్కి చక్కా పోయాడు.

అది దొరికాక బుడ్డోడికి తిండి అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు. అమ్మ కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని జనం ప్యాంట్లు పొట్టి చేస్తుంటే, వీడు బంతిని కాలితో తన్నడు, చేత్తో తీసుకెళ్ళి వలలో పెడతాడు. ఆ గొంతుకు న్యాయం, అన్యాయం ఏం తెలుసు? పెట్టిన ప్రతిసారీ లోకాన్నే గెలిచినంత సంబరపడుతుంది.

వీళ్ళ కింది అంతస్తులో ఉండేది టైపు మాస్టారు. ఒంటరి మనిషి. డెబ్బై దాటాయి. టైపు నేర్పడం మానేసి చాలా ఏళ్ళయింది గానీ కోప్పడటం మాత్రం మానలేదు. మూడో గోల్ పడిందంటే చాలు, చేతికర్రతో తన ఇంటి కప్పును పొడుస్తాడు. టక్, టక్, టక్. అది సరిగ్గా ఈమె కాళ్ళ కింద మోగుతుంది. వారం రోజులుగా ఇదే వరస. నిన్న సాయంత్రం మెట్ల మీద ఎదురుపడి "ఏమ్మా, అది ఇల్లా, మైదానమా?" అని అడిగాడు. ఈమె మాత్రం తక్కువ తిందా? "మీరు ఈ ఇల్లు వదిలితే గానీ మావాడు హాయిగా ఆడుకోలేడు" అని మొహం మీదే అనేసింది.

ఇవాళ పదింటికి మూడో గోల్ పడింది. కింద చప్పుడు లేదు. "హమ్మయ్య, దారికొచ్చాడు" అనుకుంది. ఐదోది పడింది. ఆరోది పడింది. తొమ్మిదోది పడేసరికి మిషను మీద ఆమె పాదం ఆగిపోయింది.

ఊరెళ్ళాడా? ఎవరున్నారని వెళ్తాడు? బజారుకా? ఆయన బజారు పని ఆరింటికే అయిపోతుంది, వీధి గేటు కిర్రుమంటే ఈమె గడియారం చూడక్కర్లేదు. ఇవాళ గేటు కిర్రుమనలేదు. కుళాయి చప్పుడు కూడా వినపడలేదు. ఆ దిక్కుమాలిన దగ్గు కూడా లేదు.

"ఇటివ్వు నాన్నా" అని బంతి లాక్కుంది. మీటను చివరికంటా తిప్పి తనే బంతిని వలలో వేసింది. "గో...ల్!" కిటికీ అద్దాలు అదిరాయి. నేల మీద బోర్లా పడుకుని చెవి ఆనించింది. ఏమీ లేదు. మళ్ళీ వేసింది. మళ్ళీ చెవి ఆనించింది. అమ్మ కూడా ఆటలోకి దిగిందని బుడ్డోడికి ఒకటే కేరింతలు. వాడూ పక్కనే బోర్లా పడుకుని చెవి ఆనించాడు.

"కొట్టండి మాస్టారూ! మీకు పుణ్యముంటుంది, ఒక్క దెబ్బ కొట్టండి!"

నిన్న తను అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట పట్టుకుని నిజంగానే... ఛీ, ఛీ, పాడు ఆలోచన! మళ్ళీ బంతి వేసింది. వేస్తూనే ఉంది. ఇక ఉండలేక పిల్లాణ్ణి చంకనేసుకుని మెట్లు దిగి పరుగెత్తింది.

తలుపు బాదింది. లోపల గడియ పెట్టి ఉంది. ఆ చప్పుడుకు కింద వీధి వైపు కొట్లోని వడ్రంగి రంపం పడేసి పైకొచ్చాడు.

"పడుకున్నారేమోనమ్మా!"

"మా బొమ్మ మోగుతుంటే నిద్రా? చచ్చినవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు!" అనేసి, ఆ మాట ఎందుకన్నానా అని నాలుక కరుచుకుంది. వడ్రంగి పరుగున వెళ్ళి ఉలి, సుత్తి తెచ్చాడు. ఉలి దూర్చి రెండు దెబ్బలు వేసేసరికి గడియ ఊడి వచ్చింది.

మాస్టారు వంటగదిలో నేల మీద పడి ఉన్నాడు. ఒక కాలు ఆయనది కానట్టు పక్కకు తిరిగిపోయి ఉంది. కర్రేమో ముందు గదిలో, మంచానికి ఆనించి ఉంది. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళు మెల్లగా ఆమె వైపు కదిలాయి.

ఆమె పిల్లాడితో సహా ఆయన పక్కనే కూలబడింది. వడ్రంగి అంబులెన్సుకు ఫోన్ చేస్తూ వీధిలోకి పరుగు తీశాడు. ఆమె గుడ్డ తడిపి ఆయన పెదాలు తుడిచింది. పొద్దున్నే టీ పెట్టుకుందామని వచ్చి జారిపడ్డాడట. పిలుద్దామంటే గొంతు రాలేదట.

"ఏంటమ్మా ఇవాళ..." మాట పీలగా వచ్చింది. "అన్నిసార్లు?"

"మీరు తిడతారేమోనని మాస్టారూ" అంది ఆమె ఏడుస్తూ. "ఒక్కసారి తిడితే బాగుండునని."

ఆయన చెయ్యి నేల మీద తడుముకుంటూ వచ్చి ఆమె వేళ్ళు పట్టుకుంది.

"నాకోసమేనని తెలిసింది" అన్నాడు. "తర్వాత ఉన్నట్టుండి ఆ గోల ఆగిపోయింది. అప్పుడు భయమేసిందమ్మా."