గడువు దాటాక కుదిరిన బేరం

నేను ఒక రేకు బోర్డును. అంతకుముందు వేరుశనగనూనె డబ్బాని, అంటే పుట్టుకతోనే కాస్త జిడ్డుదాన్ని. విజయనగరంలో ఒక పెయింటరు నన్ను కోసి, సుత్తితో సాపు చేసి, పసుపు రంగు పూసి, 'ఈ ఇల్లు అమ్మబడును' అని ఎర్రగా రాశాడట, కింద ఫోను నంబరు కూడానట. అట అనే అంటాను, ఎందుకంటే నా మొహమ్మీద రాసింది నాకు చదవడం రాదు. మనుషులకీ అంతే కదా, మొహమ్మీద ఉన్నది ఎదుటివాళ్ళకే తెలుస్తుంది.

నన్ను చేయించుకున్నవాడు పైడిరాజు, ఇళ్ళ బ్రోకరు. స్కూటరు మీద కూచుంటే మడిచి పెట్టిన గొడుగులా ఉండేవాడు. మాట మంచిది, మనిషి మంచివాడు, బేరమే తెగేది కాదు. నన్ను కట్టిన మొదటి ఇంట్లో కొట్టుకుంటున్న అన్నదమ్ములు కాస్తా కలిసిపోయి అమ్మకం మానుకున్నారు. అది మంచిదే అనుకోండి. రెండో ఇంటికి వాస్తు బాగాలేదని ఒకాయన మొహం చిట్లించాడు. చిట్లించినాయనే ఏడాది తిరక్కుండా ఆ ఇల్లు కొనుక్కున్నాడు, పైడిరాజుకి మాటమాత్రం చెప్పకుండా. మూడో ఇంటికి వచ్చేసరికి ఊళ్ళో మాట పుట్టేసింది, పైడిరాజు హస్తవాసి మంచిది కాదని. డాక్టరుకి చూసినట్టే బ్రోకరుకీ హస్తవాసి చూస్తారమ్మా జనం. ఇక ఇల్లు అమ్మేవాళ్ళు అతను ఎదురైతే సందు మారిపోయేవారు. రెండేళ్ళు నేను అతని వసారాలో గోడకి చేరబడి కూచున్నాను. అతని భార్య నా మీద వడియాలు ఎండబెట్టుకునేది.

అలాంటి రోజుల్లో సూర్నారాయణగారు తమ ఇల్లు అమ్మిపెట్టమని కబురు పెట్టారు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. భార్య అప్పలనర్సమ్మగారి అప్పచెల్లెళ్ళు ముగ్గురూ బొబ్బిలిలో ఒకే వీధిలో ఉన్నారు. ఆ వీధిలో నాలుగో గుమ్మం తనది కావాలని ఆవిడ పట్టు. కండక్టరుగారు కాగితం రాయించారు. మూడు నెలలు గడువు, ఈలోగా అమ్మిస్తే నూటికి రూపాయి కమిషను. ఆ తరవాత సంగతి ఎవరికీ తోచలేదు, ఎవరూ రాయలేదు. పైడిరాజు చదవకుండానే సంతకం పెట్టేశాడు. ఈ ఒక్క ఇల్లు తన చేతిమీదుగా తెగితే తన మీద పడ్డ మాట పోతుందని అతని ఆశ.

నన్ను గేటుకి కట్టారు. జనం వచ్చారు, చూశారు. ఒకాయన గోడలు దబదబా బాది చూశాడు. గోడ నిలబడింది గానీ ఆయన మాట నిలబడలేదు. గడువు ఇక వారం ఉందనగా పైడిరాజు గంగాభవానిని తీసుకొచ్చాడు. జాకెట్లు కుట్టుకునే మనిషి. ఆవిడ గోడలూ చూడలేదు, గచ్చూ చూడలేదు. కొంగుకి గుచ్చుకున్న సూది తీసి, కిటికీ దగ్గర నిలబడి దారం ఎక్కించింది. మూడు కిటికీల దగ్గర మూడుసార్లు ఎక్కించి, "వెలుగు బాగుంది. చీటీ పాడుకోవాలి, చెప్తాను" అని వెళ్ళిపోయింది.

వారం గడిచింది, గడువు తీరింది. నన్ను విప్పుకోడానికి పైడిరాజు వస్తే అప్పలనర్సమ్మగారు అడ్డుపడ్డారు. "ఉండనీ నాయనా, గేటు ఊచల్లోంచి పక్కింటి మేక దూరి నా మొక్కలన్నీ తినేస్తోంది" అన్నారు. అలా బ్రోకరు కొలువు పోయి మేకకి కాపలా ఉద్యోగం వచ్చింది నాకు.

పన్నెండో రోజున గంగాభవాని చీటీ డబ్బులతో తిన్నగా వచ్చేసింది. అరగంటలో బేరం కుదిరింది. "మరి పైడిరాజుగారికి?" అంది ఆవిడ. "గడువైపోయిందమ్మా. నువ్వు నీ కాళ్ళతో నువ్వు వచ్చావు" అన్నారు కండక్టరుగారు.

సాయంత్రానికి పైడిరాజు గేటు దగ్గర నా పక్కనే నిలబడ్డాడు.

"కండక్టరు బాబూ, ఆవిడ నేను చూపించిన మనిషి."

"కాదన్నానా? గజపతినగరానికి టికెట్టు తీసుకుని రామభద్రపురం దాకా కూచుంటానంటే నేనెప్పుడైనా ఊరుకున్నానా చెప్పు."

అంతలో కండక్టరుగారికే జాలేసి ఐదువేలు తెచ్చి, అటూ ఇటూ చూసి అతని జేబులో పెట్టబోయారు. "ఉంచు. ఎవరికీ చెప్పకు."

"చాటుగా ఇస్తే నాకొద్దు బాబూ. ఇల్లు నేను కుదిర్చానని నలుగురిలో ఒక్కమాట అనండి, చాలు."

"ఆ మాటంటే కమిషను మొత్తం ఇవ్వాలి కదరా" అన్నారాయన, ఉన్నదున్నట్టు.

అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అప్పలనర్సమ్మగారు తల ఎత్తకుండానే అడిగారు. "ఏవండీ, సాలూరు బస్సులో మీరు గజపతినగరంలో డ్యూటీ దిగిపోయేవారు కదా. అక్కణ్ణించి సాలూరు దాకా మీరు కొట్టిన టికెట్లు చెల్లేవి కాదేటి?"

"చెల్లకేం?"

"రెండో కండక్టరు మళ్ళీ కొట్టేవాడు కాదా?"

"ఎలా కొడతాడు? ఎక్కించుకున్నది నేనైతే."

"ఆ కలెక్షను ఎవరి పేరున కట్టేవారు?"

"నా పే..." అనబోయి ఆయన ఆగిపోయారు.

"మరి ఈ కుట్టుపని పిల్లని ఎక్కించుకున్నది ఎవరు?"

కండక్టరుగారు ఆ ఐదువేలూ మళ్ళీ తన జేబులోనే పెట్టుకున్నారు. "ముప్పయ్యేళ్ళు క్యారేజీ కట్టి కట్టి నా ఉద్యోగమంతా నేర్చేసుకుంది" అని గొణిగారు. తరవాత పైడిరాజు వైపు తిరిగి, "రిజిస్ట్రేషనుకి రా. చొక్కా ఇస్త్రీ చేయించుకో" అన్నారు.

రిజిస్ట్రేషను నాటి ఉదయం పైడిరాజు నన్ను విప్పి స్కూటరు ముందు పెట్టుకున్నాడు, అందుకే నేనూ చూశాను. రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల ముందు, దస్తావేజులు రాసేవాళ్ళూ సాక్షులూ చూస్తుండగా, తమలపాకుల్లో కమిషను డబ్బు మొత్తం పెట్టి కండక్టరుగారు అతని చేతికిచ్చారు. పూర్వం స్టేజీల పేర్లు అరిచిన గొంతుతోనే, "ఈ ఇల్లు కుదిర్చింది పైడిరాజు" అన్నారు. రోడ్డుకి అవతల టీ తాగుతున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. పైడిరాజు రెండు చేతులా పుచ్చుకుని, డబ్బు లెక్కపెట్టడమే మర్చిపోయాడు. జనంలోంచి ఒక ముసలాయన వచ్చి, "బాబూ, నాకో డాబా ఉంది, చూస్తావా?" అని అడిగాడు.

ఆ డాబాకి పైడిరాజు ప్లాస్టిక్ బోర్డు కొత్తది వేయించాడు లెండి. నన్ను గంగాభవాని అడిగి తీసుకుంది. కిటికీ పక్క బల్ల మీద, ఆవిడ బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద ఉంటున్నాను. ఆ వేడికి ఎర్ర రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతోంది, పోనీండి, చదవడం ఎలాగూ రాలేదు.

పైడిరాజు ఇప్పుడు ఎవరికి ఏ ఇల్లు చూపించబోయినా, దారి కాకపోయినా సరే, ఈ సందులోంచే తిప్పి తీసుకెళ్తాడు. గేటు ముందు స్కూటరు ఆపి, వెనక కూచున్నవాళ్ళకి వినపడేలా, "ఇది నేను కుదిర్చిన ఇల్లే, అడగండి కావలిస్తే" అంటాడు.

గంగాభవాని మిషను తొక్కడం ఆపదు. కిటికీలోంచే, "అవునండీ, ఆయనే" అంటుంది.