తాతయ్యకు రెండు పుట్టిన సంవత్సరాలు

పళ్ళ డాక్టరుగా ఆవిడకు బయట మంచి పేరే ఉంది. ఇంట్లో మాత్రం ఆ పప్పులేవీ ఉడకవు. సెలవులన్నీ ధారపోసి వంశవృక్షం గీసి అందరికీ పంపితే, మెచ్చుకుంటాడనుకున్న తమ్ముడు ఫోన్ చేసి నిలదీశాడు.

"తాతయ్య పుట్టింది పందొమ్మిది వందల ముప్ఫైలో అని ఎవరు చెప్పారక్కా?"

"అందరికీ తెలిసిందే కదరా!"

"అందరూ అంటే ఎవరు?"

ఎక్కడ విన్నదో, ఎక్కడ చూసిందో ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా ఆవిడకు గుర్తు రాలేదు. ఆదివారం పొద్దున్నే మేనత్త ఇంటికి బయలుదేరింది. తాతయ్య కాగితాలన్నీ అత్త దగ్గరే ఉన్నాయి.

అత్త పెట్టె అయితే దించింది గానీ, ముందే హెచ్చరించింది. "మీ బాబాయీ ఇలాగే వచ్చాడు. కాపీ తీయించి ఇచ్చేస్తానని అమ్మ పెళ్ళి ఫోటో పట్టుకుపోయాడు. ఇదిగో అదిగో అంటూనే ఉన్నాడు."

"నేనేదీ తీసుకెళ్ళనత్తయ్యా. ఇక్కడే ఫోటోలు తీసుకుంటాను."

తాతయ్య స్కూలు సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవరులో చెమ్మ పట్టి ఉంది. మడత మీద ఎవరో అంటించిన టేపు ముదురు పసుపు రంగుకు తిరిగింది. డాక్టరు చెయ్యి ఊరుకోలేదు. టేపు అంచును గోటితో లేపబోయింది. అత్త చటుక్కున ఆ చేతిమీద ఒక్కటిచ్చింది.

"చిరిగితే కుట్లు వేస్తావా? ఇదేం పంటి చిగురు కాదే!"

టేపు జోలికి పోకుండా, కవరు అంచులు కత్తిరించి కాగితాన్ని మెల్లగా బయటికి తీశారు. కిటికీ దగ్గర పెట్టి అటూ ఇటూ ఫోటోలు తీశాక, డాక్టరు తెచ్చిన మందపాటి కాగితపు కవరులోకి మార్చారు. సర్టిఫికెట్టులో ఉన్నది ముప్ఫైరెండు.

"స్కూల్లో వయసు తగ్గించి వేయించారే. అసలు ముప్ఫైలోనే. మా నానమ్మే చెప్పింది నాకు," అంది అత్త ధీమాగా.

డాక్టరు విడి కాగితంమీద అత్త పేరు రాయబోయింది.

"నా పేరెందుకే మధ్యలో?"

"కాగితం ఎవరి దగ్గరుందో, మాట ఎవరు చెప్పారో రాయకపోతే రేపు తమ్ముడి పిల్లలు కూడా నన్నే దబాయిస్తారు."

అత్త ఉన్నట్టుండి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. నానమ్మ పోయేనాటికి నాకింకా ఊహే తెలీదు కదూ? మరి ఎవరు చెప్పినట్టు? అమ్మా?" ఆవిడ మొహం చిన్నబోయింది. "అయితే ఇన్నాళ్ళూ నేను అబద్ధం చెప్పినట్టేనా?"

డాక్టరుకు మనసు కలుక్కుమంది. ఇదే మాటను తనూ అందరికీ తెలిసిందేనంటూ ఊరంతా పంచింది కదా!

"అబద్ధం ఎందుకవుతుందత్తయ్యా? విన్నారు. ఎవరి దగ్గర విన్నారో గుర్తులేదు. అలాగే రాస్తాను. సంవత్సరాలు రెండూ ఉంచుతాను."

రాసింది అత్తకు చదివి వినిపించింది. అత్త ఆ కాగితం మీద వేలు పెట్టింది.

"నాకు మాత్రం నిజమనే అనిపిస్తుంది. అది కూడా రాయి."

డాక్టరు ఒక్క క్షణం తటపటాయించి, ఆ మాటను ఉన్నదున్నట్టుగా అత్త పేరు కింద రాసింది.