టీచరమ్మ చదివిన ఉత్తరాలు

ఎలిజబెత్ టీచరు అబద్ధం చెప్పడం ఆమె మనవరాలు రెబెకా చూడటం అదే మొదటిసారి.

హైదరాబాదు నుంచి తహసీన్ అనే ఆవిడ జమ్మలమడుగులో వాళ్ళింటికి వచ్చి, సంచీలోంచి పాత నీలం కవర్లు తీసి, ఇవి చదివిపెడతారా టీచర్ గారూ అని అడిగింది. జేజి ఆ కవర్ల వంక చూసింది. కండ్లద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కండ్లు మసకలమ్మా, అక్షరం ఆనదు అంది. ఆ పొద్దున్నే పేపరు అడుగున సన్నక్షరాల్లో పడిన స్థలాల ప్రకటనలు రెబెకాకు చదివి వినిపించిన మనిషి ఆమె. ఏదైనా చూస్తే మనసులో పెట్టుకుని ఊరుకోవడం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

తహసీన్ డాక్యుమెంటరీలు తీస్తుంది. ముప్పై ఏడేళ్ళ కిందట సముద్రం అవతల ఒక దీవిలో జరిగిన యుద్ధానికి పోయిన సిపాయిల్లో తొండూరు దగ్గరి పల్లెకు చెందిన ఆదినారాయణ ఒకడు. అక్కడ ఒక బావి దగ్గర నలుగురిని నిలబెట్టి కాల్చిన సిపాయిల్లో అతనూ ఉన్నాడని, ఆ రోజు తప్పించుకున్న అక్కడివాళ్ళు ఆమెకు చెప్పారు. తహసీన్ వెతుక్కుంటూ వచ్చేసరికి ఆదినారాయణ చనిపోయి ఎనిమిదేళ్ళయింది. మొగుడి ధైర్యం మీద సినిమా తీస్తారనుకుని భార్య శ్యామలమ్మ ట్రంకుపెట్టె తెరిచి, అతను రాసిన పదకొండు ఉత్తరాలూ తీసి ఇచ్చింది. తనకు చదువు రాదని, అప్పట్లో ఆ ఊరి బడిలో పనిచేసిన ఎలిజబెత్ టీచరమ్మే వాటిని చదివి వినిపించేదని, జవాబులు కూడా ఆమే రాసిపెట్టేదని చెప్పింది. కూతురికి కూడా ఎప్పుడూ విప్పి చూపలేదట. అన్నీ తనకు నోటికే వచ్చునట.

జేజి కాదన్నాక ఆ పని రెబెకాకు వచ్చింది. ఆమె రోజూ బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి ఒక డీటీపీ సెంటర్లో పెళ్ళిపత్రికలు, అర్జీలు టైపు చేస్తుంది. ఎంత వంకర రాతైనా చదవగలదు. ఆదినారాయణ రాత పెన్సిల్ రాత, సగం చెరిగిపోయింది. సెలవు మీద వచ్చే తోటి సిపాయిల చేతికిచ్చి పంపిన ఉత్తరాలు కాబట్టి పైవాళ్ళెవరూ విప్పి చూసినట్టు లేదు. మొదటి మూడింటిలో చెనిక్కాయ పంట గురించి, ఎద్దు కాలి పుండు గురించి అడిగాడు. నాలుగోది టైపు చేస్తూ రెబెకా మధ్యలో కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది.

"బాయికాడికి నీళ్ళకొచ్చినోళ్ళను కాల్చినాము శ్యామలా. చేతులు పైకెత్తినారు, అయినా కాల్చినాము. నా తుపాకికి ఇద్దరు పడినారు. ఒకామె సంకలో బిందె ఉండె. వాళ్ళు శత్రువులని మా పైవోళ్ళు రాసి పంపినారు. విచారణకు ఎవరో వస్తారంట. నిజం చెప్పల్లనుంది. నువ్వు చెప్పమంటే చెప్తా, వద్దంటే లేదు. జవాబు రాయి."

అయిదో ఉత్తరం చిన్నది. "నువ్వు రాసినట్టే చేసినా. ఏమీ చూడలేదని సంతకం పెట్టినా."

తహసీన్ ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. తన సినిమా అంతా ఈ రెండు ఉత్తరాల మధ్యే ఉందని, శ్యామలమ్మ పైకి కనిపించేంత అమాయకురాలు కాదని అంది. ఆదివారం ఆమెను మాట్లాడిస్తుంది. సోమవారం ఈ ఉత్తరం ఎదురుగా పెట్టి అడుగుతుంది.

"భర్త నోరు నొక్కింది ఆవిడే రెబెకా గారూ. ఎందుకు నొక్కావమ్మా అని కెమెరా ముందే అడుగుతాను."

ఆదివారం రెబెకా ముద్దనూరు మీదుగా బస్సులో పల్లెకు పోయింది. పులివెందులలో లాడ్జిలో దిగిన తహసీన్ కెమెరా మనిషితో కారులో వచ్చింది. శ్యామలమ్మ కొత్త చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఉత్తరాల్లో ఏముందో చెప్పమంటే కండ్లు మూసుకుని, పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. మొదటి మూడూ కాగితం మీద ఉన్నట్టే ఉన్నాయి. నాలుగోదానికి వచ్చేసరికి ఆమె ముఖం విప్పారింది.

"ఇక్కడ చీకటి పడితే సముద్రం వెలుగుతుంది శ్యామలా. నీళ్ళలో చేయి పెడితే వెలుగు వేళ్ళకు అంటుకుంటుంది. బిడ్డ పుట్టినాక ముగ్గురమూ వచ్చి చూద్దాము."

రెబెకా చేతిలోని కాగితంలో ఆ మాటలు లేవు. పదకొండు ఉత్తరాల్లో ఎక్కడా సముద్రమన్న మాటే లేదు. తహసీన్ ఆమె వైపు చూసి, చూశారా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. ఈమె ఎంత జాణ అని ఒక్క నిమిషం రెబెకాకూ అనిపించింది. మరు నిమిషంలో ఆ మాటలు తాను ఎక్కడ విన్నదో గుర్తొచ్చింది. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడల్లా నుదుటి మీద తడిగుడ్డ వేసి జేజి చెప్పిన కథ అదే. వేళ్ళకు అంటుకునే వెలుగు. ఏనాడూ సముద్రం చూడని జేజి.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి జేజి చేటలో అనపకాయలు పోసుకుని ఒలుస్తోంది. రెబెకా నాలుగో ఉత్తరం నకలు తీసి చేట పక్కన పెట్టింది. జేజి దాన్ని చూడలేదు. చూడకపోవడానికి ఎంత జాగ్రత్త పడుతోందో రెబెకా గమనించింది.

"నీకు కండ్లు మసకలు గదా జేజీ, నేను చదువుదునా?"

జేజి ఇంకో కాయ అందుకుంది.

"సముద్రం నువ్వు యాడ చూసినావు?"

"నాలుగో తరగతి వాచకంలో బొమ్మ ఉండె," అంది జేజి తల ఎత్తకుండా.

తర్వాత అడగకుండానే చెప్పింది. ఆ రోజు అరుగు మీద శ్యామలమ్మ అత్తా మామా, ఇరుగుపొరుగు అందరూ చేరారు. శ్యామలమ్మకు అయిదో నెల. చదువుతూ చదువుతూ బావి దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగితే అందరూ ముఖాలు చూస్తారు, అందుకని ఆపకుండా నోటికొచ్చింది చదివింది. ఆ తర్వాత ఎప్పుడూ వెనక్కి పోవడానికి దారి దొరకలేదు.

"మనం ఎవరం పాపా, వాళ్ళెవరు. నన్ను అరుగు దాటి లోపలికి రానిచ్చేటోళ్ళు కాదు. అట్లాంటి ఇంట్లో, కడుపుతో ఉండే పిల్లకు, నీ మొగుడు ఆడమనిషిని చంపినాడని నా నోటితో ఎట్ల చెప్పేది?"

"చెప్పకపోతివి, సరే. జవాబు ఎందుకు రాస్తివి? ఆయప్ప అడిగింది పెండ్లాన్ని. నిన్ను కాదు."

శ్యామలమ్మ పంట సంగతులు చెప్పి రాయించిందని, చివర తాను ఒక్క లైను చేర్చానని జేజి ఒప్పుకుంది. చెప్పొద్దు, క్షేమంగా ఇంటికి వస్తే చాలు అని. నిజం చెబితే అతన్ని జైల్లో పెడతారని, బిడ్డ దిక్కు లేనిదవుతుందని భయపడింది. మంచే చేశాననుకుంది. చనిపోయిన నలుగురి ఇళ్ళ సంగతి తనకు తట్టనే లేదని కూడా, కాయ ఒలవడం ఆపి, నెమ్మదిగా చెప్పింది.

రేపు తహసీన్ అడగబోయే ప్రశ్న రెబెకా చెప్పింది. శ్యామలమ్మకు ఆ ప్రశ్నే అర్థం కాదు. ఆమె నోరు తెరుచుకుని చూస్తుంది, సినిమాలో అది తప్పు ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది. ఆమె చేయని పని ఆమె పేరు మీద నిలిచిపోతుంది.

"నా పేరు రాకుండా చెప్పేదానికి కుదరదా?" అని అడిగింది జేజి. జమ్మలమడుగు బజారులో నడిచిపోతుంటే తల నెరిసినవాళ్ళు కూడా బండి ఆపి నమస్కారం టీచర్ అనే మనిషి.

రెబెకా నాలుగో ఉత్తరం నకలు ఆమె వైపు జరిపింది. జేజి గింజలు గిన్నెలో పోసి, చేట దులిపి గోడకు ఆనించింది.

"పొద్దున బస్సు ఎన్నింటికి?"

సోమవారం శ్యామలమ్మ రెబెకాను, జేజిని చూసి ఎదురొచ్చి, టీచరమ్మ చేయి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయి కుర్చీ వేసింది. జేజి గడప దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి అడుగుపెట్టింది. శ్యామలమ్మ ఆమె కాళ్ళ దగ్గర నేల మీద, పూర్వం కూర్చున్నట్టే కూర్చుంది. తహసీన్ కెమెరా పెట్టించింది. తాను అడగాల్సిన మాట అడగబోతుంటే జేజి చేయి ఎత్తి ఆపి, నాలుగో ఉత్తరం అందుకుని కండ్లద్దాలు పెట్టుకుంది.

రెబెకా తాను టైపు చేసిన కాగితం విప్పి మొదటి లైను మీద వేలు పెట్టింది. జేజి ఉన్నది ఉన్నట్టు చదువుతుందన్న నమ్మకం ఆమెకు లేదు. అలా చూడటం తనకే సిగ్గుగా ఉంది, అయినా వేలు తీయలేదు. బావి వచ్చింది. బిందె వచ్చింది. జవాబు రాయి అన్నదాకా ఒక్క అక్షరం తప్పలేదు.

"నువ్వేమీ చెప్పలేదు శ్యామలా," అంది జేజి కాగితం మడుస్తూ. "చెప్పొద్దని నేను రాసినా. నీ పేరు పెట్టి."

శ్యామలమ్మ మొదట అడిగింది సముద్రం గురించి. అది తాను కల్పించిందేనని జేజి చెప్పింది.

"ఆయప్ప ఇంటికొచ్చినాక మన బాయికాడ ఊరికే కూచుంటే అడుగుతాంటి, సముద్రం గ్యాపకమొచ్చిందా అని. నా పక్క చూసి తల దించుకుంటాండె. నాకంతా తెలుసనుకునే పోయినాడు గదా," అంది శ్యామలమ్మ.

ఆమె నేల మీద నుంచి లేచింది.

"అప్పుడు నువ్వు చదివిందీ నమ్మితి టీచరమ్మా. ఇప్పుడు చదివింది నమ్మాలని యాడుంది?"

ఉత్తరం లాక్కుని రెబెకా చేతిలో పెట్టి చదవమంది. రెబెకా చదివింది. అవే మాటలు. శ్యామలమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"మీరిద్దరూ ఒగింటోళ్ళే గదా."

హైదరాబాదులో వేరేవాళ్ళతో చదివిస్తానని తహసీన్ అనబోతే, నీకు సినిమా కావాల, నీకేం అవసరమో అదే చదివిస్తావు అని ఆమె కొట్టిపారేసింది. పదకొండు ఉత్తరాలూ కొంగులో కట్టుకుంది. పులివెందులలో తాలూకాఫీసు ముందర అర్జీలు రాసేవాడు ఒకడుంటాడని, అతనికి తామెవరో తెలియదని, అతనితో చదివించుకుంటానని చెప్పి, ఎవరినీ రమ్మనకుండా రోడ్డెక్కింది. బస్సు ఎక్కేదాకా కొంగు మీద నుంచి చేయి తీయలేదు.

రెబెకా, జేజి రోడ్డు అవతల ముద్దనూరు వైపు బస్సు కోసం నిలబడ్డారు. జేజి కండ్లద్దాలు తుడిచి పెట్టెలో పెట్టింది.

"నేను సరిగ్గానే చదివినా గదా?"

"చదివినావు జేజీ."

"నీకు తెలుస్తుందిలే," అంది ఆమె. "వేలు పెట్టుకుని చూస్తాంటివి గదా."