గాలిలో ఆగిన చక్రం

ఫైర్ ట్రక్కు ఛాసీ మూడోసారి పగిలింది. ఛాసీకి పొడవునా రెండు ఉక్కు దూలాలుంటాయి. ఎడమ దూలం మీద, క్యాబిన్‌కు కాస్త వెనకగా, పై అంచు నుంచి రెండంగుళాలు చీలింది. మొదటిసారి మేస్త్రి అక్కడ ఆరు మిల్లీమీటర్ల ప్లేటు వేసి వెల్డింగ్ చేశాడు. ఆ ప్లేటు చివర పగిలితే ఎనిమిది మిల్లీమీటర్లది వేశాడు. ఇప్పుడు ఆ ఎనిమిది చివర పగిలింది.

మేస్త్రి పది మిల్లీమీటర్ల ప్లేటు తీసి బల్ల మీద పెట్టాడు.

"అది లోపల పెట్టెయ్ నాన్నా," అంది కూతురు. పదకొండేళ్లుగా అతనితో పాటు ఆ షెడ్డులో పని చేస్తోంది.

"ఎందుకే?"

"గుంటలో దిగినప్పుడు ఛాసీ కొంచెం మెలి తిరగాలి. నువ్వు ప్లేటు వేసినంత మేరా తిరగనివ్వడం లేదు. ఆ తిరిగేదంతా ప్లేటు అయిపోయిన చోట తిరుగుతోంది. ఎంత మందం వేస్తే అంత తొందరగా పగులుతుంది."

ట్రక్కు డ్రైవరు పాత టైరు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆమె అతన్ని బాబాయ్ అంటుంది. "అన్నా, నా బండి ఆకలితో ఉందనుకుని ప్లేటు మీద ప్లేటు పెట్టావు. అజీర్తి అంటోంది మీ అమ్మాయి," అన్నాడు.

మేస్త్రి నవ్వలేదు. శుక్రవారం పరీక్ష ఉంది. మూడు వేల లీటర్ల నీళ్లు నింపి, స్టేషన్ ఆఫీసరు ఎదుట ట్రక్కును కొండవాగు దాటించాలి. మళ్లీ పగిలితే స్టేషన్‌లోని ఆరు ట్రక్కులూ వేరే షెడ్డుకు వెళ్లిపోతాయి. ఇరవై ఆరేళ్లుగా వాటిని చూసుకుంటున్నది మేస్త్రే.

"తేడా వస్తే పోయేది నా పేరు."

"పని నేను చేశానని చెప్పు. నా పేరే పోతుంది."

మేస్త్రి కూతురి వంక చూశాడు. తర్వాత ప్లేటు ఎత్తి గోడకు ఆనించాడు. "గ్రైండరు తియ్యి," అన్నాడు.

ఆమె రెండు ప్లేట్లూ కోసేసింది. చీలిక ఇంకా పాకకుండా కొసన రంధ్రం వేసి, దాన్ని అడుగంటా గీరి, వెల్డింగ్‌తో పూడ్చి, చదును చేసింది. నీళ్ల ట్యాంకును ఛాసీకి ఆరు బోల్టులు బిగించి ఉంచాయి. ముందువైపు నాలుగు తీసేసి మధ్యలో ఒక్క పిన్ను పెట్టింది. ఇక ఛాసీ మెలి తిరిగితే ట్యాంకు ఆ పిన్ను మీద ఊగుతుంది తప్ప ఛాసీని పట్టి ఉంచదు.

తర్వాత జాకీ పెట్టి, వెనక చక్రం ఎంత కిందికి దిగుతుందో కొలిచింది. తొమ్మిదిన్నర అంగుళాలు. ఎనిమిదిన్నర దగ్గరే బ్రేకు పైపు బిగుసుకుంటోంది. చక్రం ఎనిమిది దగ్గర ఆగేలా ఇరుసుకూ ఛాసీకీ మధ్య బెల్టులు కట్టింది.

"ఉన్న దిగుడు కూడా కోసేస్తావేంటమ్మా? గుంటలో చక్రం నేలను అందుకోవద్దూ?" అన్నాడు డ్రైవరు.

"అందకపోతే రెండో చక్రం లాగుతుంది. రెండు చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ ఉంది కదా, వెయ్యడం మర్చిపోకు."

"నేనా మర్చిపోయేది?"

"కిందటి నెల హ్యాండ్ బ్రేకు మర్చిపోతే బండి వచ్చి మా గేటు మీద పడింది బాబాయ్."

శుక్రవారం పదింటికి ట్రక్కు వాగులోకి దిగింది. సగం దాటాక ముందు చక్రం బండరాయి ఎక్కింది. వెనక కుడి చక్రం గుంట మీద నేలకు బెత్తెడు ఎత్తున ఆగి, గాలిలో గిర్రున తిరిగింది. ట్రక్కు కదల్లేదు.

ఆఫీసరు చెయ్యెత్తాడు. "ఆపండి! చక్రం కిందికి దిగట్లేదు, స్ప్రింగు కమాన్ పట్టేసింది."

"పట్టెయ్యలేదు సార్, నేనే ఆపాను," అంది ఆమె. "అక్కడితో ఆగాలి. ఇంకా దిగితే బ్రేకులు పోతాయి." ట్రక్కు వైపు తిరిగి, "బాబాయ్, లాక్!" అని అరిచింది.

క్యాబిన్‌లోంచి, "వేస్తున్నా, వేస్తున్నా!" అని వినిపించింది. వెనక ఎడమ చక్రం రాయిని పట్టుకుంది. ట్రక్కు గట్టెక్కింది.

అలా నాలుగుసార్లు దాటించారు. ఆ తర్వాత మేస్త్రి ఛాసీ కిందికి దూరాడు. పాత పగుళ్లున్న చోట కిరోసిన్ పూసి, తుడిచి, సుద్దపొడి చల్లాడు. పగులుంటే అందులో ఇంకిన కిరోసిన్ పైకి వచ్చి పొడి మీద గీత పడుతుంది. పావుగంట ఆగి, కళ్లజోడు పెట్టుకుని చూశాడు. గీత పడలేదు. టార్చి వేసి రెండో దూలం కూడా చూశాకే బయటికి వచ్చాడు.

"ఈసారి ఎంత మందం వేశారు మేస్త్రీ?" అని అడిగాడు ఆఫీసరు.

"ఏమీ వెయ్యలేదండి. ఉన్నవి కోసేశాం."

"ఎవరి ఆలోచన?"

"మా అమ్మాయిది. పనీ తనదే." గట్టున నిలబడ్డ ఫైర్‌మెన్‌కు కూడా వినపడేలా అన్నాడు. "నా పని మీరు రెండుసార్లు చూశారుగా."

ఆఫీసరు కాసేపు లెక్క వేసుకున్నాడు. "మిగతా అయిదు ట్రక్కులకూ మీరు వేసిన ప్లేట్లే ఉన్నాయి కదా?"

"ఉన్నాయండి. ఒక్కోటీ పంపండి," అన్నాడు మేస్త్రి. "అమ్మాయి కోస్తుంది. నేను లైటు పట్టుకుంటా."