మూడు ఊళ్ల కథల గుహ

విశాఖ పార్కులో, బొమ్మలతో కథ చూపించే కథల గుహలోకి నేనూ నా భార్య సువర్చలా ఒకే పడవలో వెళ్తాం. బయటికి నేనొక్కణ్ణే వస్తాను. పక్క సీటు ఇంకా వెచ్చగానే ఉంది.

మాకు పిల్లల్లేరు. సెలవు దొరికితే చాలు, ఏదో ఒక ఊరి పార్కులో పిల్లల వరసలో నిలబడి ఈ గుహ ఎక్కుతాం. అన్నిచోట్లా అదే కథ, రాకుమారుడు రెక్కల గుర్రమెక్కి రాక్షసుణ్ణి గెలిచి అద్దాల కోటలో రాకుమారిని పెళ్లాడేది. ఎక్కడి రెక్కల గుర్రం బాగుంది, ఎక్కడి రాక్షసుడి గొంతు బాగుంది అని ఇంటికొచ్చేదాకా వాదించుకుంటాం.

పడవల దగ్గరుండే అప్పలనర్సమ్మ కంగారుపడదు. మా ఆవిడ అద్దాల కోట దగ్గర దిగిపోయిందని చెబుతుంది. దిగినవాళ్లు ఏ ఊరి కథ నచ్చితే ఆ ఊళ్లో ఉండిపోతారట.

"ఈ కత ఆవిడకి నచ్చనేదు బాబూ. ఇంకో ఊర్లో సూడండి."

విజయవాడ గుహలో అవతలి గట్టు కనపడనంత కృష్ణ పారుతోంది. గుర్రం ఇక్కడ తెల్లది, నీళ్లు తాగుతోంది. సువర్చల కోట గుమ్మంలో తడిజుట్టుతో నిలబడి ఉంది. రమ్మని చెయ్యి చాస్తాను. తల అడ్డంగా ఊపుతుంది.

"ఇక్కడ పెళ్లితోనే కథ అయిపోతోందండీ," అంటుంది. గోడ మీది రంగుల అడవిలోకి నడిచి వెళ్లిపోతుంది. ఆకులు చాలాసేపు కదులుతూనే ఉంటాయి.

హైదరాబాదులో పడవ లేదు, పట్టాల మీద చిన్న బండి. నేను వెళ్లేకొద్దీ గుహ పొడుగవుతుంది. దారిలో నా గడ్డం నెరుస్తుంది. రాక్షసుడు టీ పోసిచ్చి, అమ్మగారు కోట వెనకాల ఉన్నారని మెల్లగా చెబుతాడు. గొంతు ఇక్కడిదే బాగుంది. ఆ మాట సువర్చలకి చెప్పాలనిపిస్తుంది.

కోట వెనకాల మామూలు గది. సువర్చల పీట మీద కూర్చుని ఒక పాపకి జడ వేస్తోంది. పాప చెవులు అచ్చం నావే.

"పెళ్లి తర్వాత కూడా కథ ఉన్నది ఇక్కడొక్కచోటే," అంటుంది.

నేనూ దిగవచ్చా అని అడుగుతాను. ఆమె జడ అల్లడం ఆపుతుంది.

"దిగితే బయట మిమ్మల్ని అందరూ మర్చిపోతారు. మీ చెల్లెలు కూడా."

చెల్లెలి ముఖం ఒకసారి తలుచుకుంటాను. బండి నెమ్మదిస్తుంది. దిగుతాను.

పాప దగ్గరికొచ్చి, కొత్త లేకుండా, నా చొక్కా గుండీలు విప్పుతుంది. లోపల, నా ఛాతీ ఉండాల్సిన చోట, తెల్లవారుతోంది. తడి ఇసుక, చల్లటి గాలి. ముందు పాప, వెనకాల సువర్చల, ఆఖర్న నేను, చెప్పులు చేత్తో పట్టుకుని అందులోకి నడుస్తాం.