సిగరెట్ పెట్టెలో మైరిగ్

మా అక్క బ్రాన్వెన్ పొగాకు వాసన తగిలితే వీధి దాటి అవతలి వైపు నడిచే మనిషి. అలాంటిది ఆ వేసవిలో రోజూ కొట్టుకెళ్ళి సిగరెట్లు కొనడం మొదలుపెట్టింది.

కారణం ఆమె కొడుకు మైరిగ్. మా కుమ్‌డేరి టౌన్ ఫుట్‌బాల్ జట్టులో ఆడేవాడు. కిందటి చలికాలం ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. వాడు పోయాక ఒక సిగరెట్ కంపెనీ మా జట్టువాళ్ళ రంగుల బొమ్మలు చిన్న అట్టల మీద అచ్చేసి, పెట్టెకొకటి చొప్పున పెట్టింది. అందులో మైరిగ్ కూడా ఉన్నాడు. వేల్స్ జట్లంటే లండన్ వాళ్ళ కళ్ళకి ఆనవు. అలాంటిది మా లోయ కుర్రాళ్ళు బొమ్మలెక్కారు!

పిల్లలు తండ్రుల వెంటపడి ఆ బొమ్మలు పోగేసుకున్నారు. మా చర్చి సంఘపెద్ద హాప్కిన్ ప్రోసర్‌కి ఒళ్ళు మండింది. పొగాకు సైతాను సరుకన్నాడు. సండే స్కూల్ పిల్లలందరిచేతా పొగాకు ముట్టుకోబోమని ప్రమాణం చేయించి, బొమ్మలన్నీ పొయ్యిలో వేయించాడు. వాటిలో మైరిగ్ కూడా కాలిపోతున్నాడని ఆ మహానుభావుడు చూడనైనా లేదు. అదే సండే స్కూల్లో మైరిగ్‌కి బైబిలు చదవడం నేర్పింది ఆయనే.

అక్క దగ్గర కొడుకు ఫోటో లేదు. జట్టంతా నిలబడ్డ ఫోటో ఒకటుంది గానీ, అందులో వాడి మొహం శనగగింజంత.

"నాకు వాడి మొహం చూడాలనుందే," అంది నాతో.

కొట్టు బయటే నిలబడి పెట్టె చింపేది. బొమ్మ చూసేది. సిగరెట్లేమో గనిలో పని పోయి గోడకి చేరగిలబడ్డ మగాళ్ళకి పంచేది.

"ఇవాళ కూడా గోల్‌కీపరేనా పిన్నీ? పర్లేదులే, రేపు మళ్ళీ రా. మేమెక్కడికీ పోం," అనేవాళ్ళు ఆ వెధవలు.

మైరిగ్ దొరికిన రోజు అక్క పెట్టిన కేక వీధి చివరిదాకా వినబడింది. బుగ్గలకి లేని ఎరుపు అద్దారు గానీ, ముందుకి పొడుచుకొచ్చిన ఆ మొండి గడ్డం వాడిదే.

ప్రోసర్ ఊరుకుంటాడా? సిగరెట్లు కొన్నందుకు ఆదివారం అక్కని వెలివేయిస్తానన్నాడు. మా చర్చిలో ఒకరిని వెలివేయాలంటే సభ్యులు చేతులెత్తాలి. వెలిపడ్డవాళ్ళకి చర్చి సమాధుల్లో చోటుండదు. కొడుకు పక్కన పడుకోవడానికి అక్క చోటు అట్టేపెట్టుకుంది. అది పోతుందని నాకు భయమేసింది.

"ఆ బొమ్మ ఆయన చేతిలో పెట్టి తప్పయిందని చెప్పెయ్యక్కా," అని బతిమాలాను.

"తప్పెవరిదో అక్కడే తేలుస్తా. నోరు మూసుకుని నా వెనకాల రా."

ఆదివారం ప్రసంగం అయ్యాక ప్రోసర్ లేచాడు. "చెల్లెమ్మా, ఆ బొమ్మ ఇటిచ్చి క్షమాపణ అడుగు. ఇంతటితో వదిలేద్దాం."

"ఇవ్వను."

"అయితే వెలికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి," అంటూ ముందు తనే ఎత్తాడు. వెనకాల ఇంకొన్ని చేతులు లేచాయి.

అక్క బొమ్మ పట్టుకుని బల్లల మధ్యకి నడిచింది. ఒక్కొక్కరి ముందూ ఆగి, మొహానికెదురుగా పెట్టింది.

"వీణ్ణి చూస్తూ ఎత్తు. వీడి శవపేటిక మోసినవాడివేగా, ఎత్తు. నువ్వూనమ్మా, వీడు ఆడుతుంటే గొంతు చించుకునేదానివి. ఎత్తు మరి!"

ఎత్తిన చేతులు ఒళ్ళోకి జారాయి. నాకు భయం పోయింది. అక్కని చూస్తుంటే గుండె నిండిపోయింది.

చివరికి ప్రోసర్ ముందు నిలబడి, బొమ్మ ఆయన ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టింది. చూడకుండా ఉండడం ఆయన వల్ల కాలేదు. చెయ్యి దించితే ఓడిపోయినట్టేనని కాబోలు, దించలేదు. చర్చి మొత్తానికి ఆ ఒక్క చెయ్యే పైనుంది.

"నొప్పెడుతుంది, దించుకోండి అన్నయ్యగారూ," అంది అక్క. "చివరి కీర్తన ఎత్తుకోవాలి."